సబ్‌టైటిల్స్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: ఆరు నెలలుగా ఇంగ్లిష్ సిరీస్‌లు చూస్తున్నాను. తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే కథంతా అర్థమవుతోంది. తీసేస్తే పది మాటల్లో రెండు మూడే చెవిన పడుతున్నాయి. అదే డైలాగును కాగితం మీద చూస్తే అన్నీ తెలిసిన మాటలే. లోపం ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: చదివితే తెలిసే మాట వింటే తెలియడం లేదంటే, మీకు ముందు కావలసింది కొత్త మాటలు కాదు, చెవికి సాధన. మనం 'ఏమి అంటున్నావు' అనకుండా 'ఏమంటున్నావ్' అన్నట్టే, వాళ్ల నోట 'పిక్ ఇట్ అప్' కాస్తా 'పికిటప్' అవుతుంది. 'డిడ్ యూ' 'డిజ్యూ'గా, 'గోయింగ్ టు' 'గొనా'గా మారిపోతాయి. 'టు', 'ఆఫ్', 'ఫర్' లాంటి చిన్న మాటల్లో అచ్చును దాదాపు మింగేస్తారు.

అమెరికన్ ఉచ్చారణలో దీనివల్ల అర్థమే తలకిందులవుతుంది. 'ఐ కెన్ డూ ఇట్' అన్నప్పుడు 'కెన్' చటుక్కున దాటిపోయి, బరువు 'డూ' మీద పడుతుంది. 'ఐ క్యాంట్ డూ ఇట్'లో 'క్యాంట్' నిలబడి వినిపిస్తుంది కానీ, దాని చివరి 'ట్' చాలాసార్లు వినిపించదు. 'ట్' కోసం చెవి రిక్కిస్తే మోసపోతారు. బరువు ఎక్కడ పడిందో గమనించండి.

తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే కళ్లు చదివేస్తాయి, చెవికి పని ఉండదు. కథ కోసం చూసే రోజున అలాగే చూడండి, తప్పేం లేదు. నేర్చుకోవడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఇద్దరు మాట్లాడుకునే ఒక చిన్న సీను ఎంచుకోండి. నిమిషం, నిమిషంన్నర చాలు, వెనక సంగీతం లేకపోతే మరీ మంచిది. ముందు సబ్‌టైటిల్స్ లేకుండా రెండుసార్లు విని, విన్నది రాయండి. పట్టుబడని చోట ఖాళీ వదిలేయండి. తర్వాత ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టి ఖాళీలు నింపండి. ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాల్సింది తెలియని మాటలకు కాదు, తెలిసి కూడా వినపడని వాటికి. ఆ ముక్కలనే 0.75 వేగంతో మళ్లీ వినండి. 0.5కి తగ్గిస్తే గొంతు సాగి, మాటల కలయిక అసలు రూపం పోతుంది. చివరగా పాత్ర వెనకే, అర క్షణం తేడాతో మీరూ పలుకుతూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మర్నాడు అదే సీను సబ్‌టైటిల్స్ లేకుండా వినండి. అప్పుడూ పట్టుబడని చోటు ఉంటే కొత్త సీనుకు తొందరపడొద్దు.

సబ్‌టైటిల్‌కూ మాటకూ తేడా కనిపిస్తే మీ చెవినే అనుమానించకండి. వరుసకు 40 అక్షరాలు అటూఇటూగా, రెండు వరుసల్లో సర్దాలి గనుక గబగబా మాట్లాడే చోట కొన్ని మాటలు కత్తిరిస్తారు. వేరే భాష నుంచి ఇంగ్లిష్‌లోకి డబ్ చేసినవైతే ఆడియో ఒకటి, అక్షరం ఒకటి ఉండటం మామూలే. సాధనకు అవి వద్దు. యూట్యూబ్‌లో 'ఆటో జనరేటెడ్' అని ఉన్నవాటిలో పేర్లు తరచూ తప్పు పడతాయి.

ప్రశ్న: ఏ రకం సినిమాలు చూస్తే త్వరగా వస్తుంది?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: యాక్షన్ సినిమాల్లో మాట తక్కువ, చప్పుడు ఎక్కువ. రాజుల కథల్లో పాత భాష. మొదట్లో రెండూ పక్కన పెట్టండి. వంట, రిపేరు వీడియోలు మేలు: చెయ్యి చేసేదే నోరు చెబుతుంది, మాట తెలియకపోయినా అర్థం ఊహించవచ్చు. యానిమేషన్‌లో గొంతులను స్టూడియోలో రికార్డు చేస్తారు కాబట్టి మాట స్పష్టంగా ఉంటుంది. ఆ తర్వాత ఇంటి కథల సిరీస్ ఒకటి పట్టుకుని వరసగా చూడండి. పది సిరీస్‌ల మొదటి ఎపిసోడ్ల కన్నా ఒకే సిరీస్ పది ఎపిసోడ్లు ఎక్కువ నేర్పుతాయి, ఎందుకంటే అవే పాత్రలు, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. వెబ్, రోజర్స్ అనే ఇద్దరు భాషా పరిశోధకులు 2009లో సినిమా సంభాషణలను లెక్కగట్టి, తరచుగా వాడే 3,000 పద కుటుంబాలు, పేర్లు తెలిస్తే వాటిలో 95 శాతం పైగా మాటలు తెలిసినట్టేనని తేల్చారు. 'గో, గోస్, వెంట్, గాన్' అన్నీ కలిపి ఒక కుటుంబం. కాబట్టి సీనుకు ఐదారు మాటలకు మించి రాసుకోకండి, అవి కూడా విడిగా కాదు, వచ్చిన వాక్యంతో సహా.

ప్రశ్న: సినిమాల్లో విన్న మాటలు ఇంటర్వ్యూలో వాడొచ్చా?
– ఉద్యోగార్థి

జవాబు: 'గొనా', 'వానా' ('వాంట్ టు') వినడానికి తెలిస్తే చాలు, రాతలో అస్సలు వద్దు. తిట్లు ఎవరి మధ్య చెల్లుతాయో సినిమా చెప్పదు, వాటి జోలికి పోకండి.

ప్రశ్న: పాటలతో గ్రామర్ వస్తుందా?
– ఒక గృహిణి

జవాబు: గ్రామర్‌కు పాటను నమ్ముకోకండి. బాణీకి సరిపోవడం కోసం, వాడుక యాస కోసం 'షీ డజంట్' అనాల్సిన చోట 'షీ డోంట్' అని పాడేస్తారు, 'ఈజ్ నాట్', 'ఆర్ నాట్' బదులు 'ఎయింట్' వాడతారు, ఒకే వాక్యంలో రెండు 'కాదు'లు పెడతారు. పాట నిజంగా పనికొచ్చేది ఉచ్చారణకు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం 'బుక్' చివర తెలియకుండానే 'ఉ' చేరుస్తాం. పల్లవి నాలుగు వరుసలు తీసుకుని, ముందు బాణీ లేకుండా మామూలు మాటలా చదవండి. బరువు పడే మాట దగ్గర చప్పట్లు కొట్టండి, చివరి హల్లును అక్కడే ఆపండి. తర్వాత పాటతో కలిసి పాడండి. బాణీ కోసం గాయకులు బరువును పక్కకు జరుపుతారు కాబట్టి, ఒక మాటను ఎలా పలకాలో సందేహం వస్తే పాటను కాదు, గొంతు వినిపించే డిక్షనరీని అడగండి. ర్యాప్ ఇప్పుడే వద్దు.