టెక్ సందేహాలు: మెయిలేమో వెళ్లిపోయింది, పుస్తకం ధర మాత్రం తగ్గలేదు!

ఆన్‌లైన్‌లో పుస్తకాల ప్రచారాన్ని వ్యాపారంగా నడుపుతున్నవాళ్లు, మొదలుపెట్టబోతున్నవాళ్లు పంపిన ప్రశ్నలివి.

ప్రశ్న: రచయితల దగ్గర ఫీజు తీసుకుని వాళ్ల ఈబుక్స్‌ను ఈమెయిల్ ద్వారా పాఠకులకు పరిచయం చేసే సర్వీసు పెట్టాలనుకుంటున్నాను. వెబ్‌సైట్ చేసేవాళ్లు ప్లగిన్లు, మొబైల్ యాప్, కస్టమర్ల వివరాలు చూసుకునే సీఆర్‌ఎం అంటూ పెద్ద చిట్టా రాసిచ్చారు. అన్నీ కావాలా?

జవాబు: అక్కర్లేదండీ. మీ మెయిల్ తెరిచి లింక్ నొక్కే పాఠకులు ఉన్నారనే రచయిత మీకు డబ్బిస్తాడు. వాళ్లు లేనప్పుడు యాప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 2012లో మొదలైన బుక్‌బబ్ కూడా నడిచేది ఈ లెక్క మీదే: పాఠకులు ఉచితంగా చేరి తమకు నచ్చిన విభాగాలు ఎంచుకుంటారు, ఆ విభాగాల్లో తక్కువ ధరకు దొరుకుతున్న పుస్తకాలు వాళ్లకు మెయిల్‌లో వెళ్తాయి, ఆ మెయిల్‌లో చోటు కోసం రచయితలు, ప్రచురణకర్తలు డబ్బు కడతారు.

మీకు మొదట్లో కావలసింది సొంత డొమైన్, ఒకే ఒక్క సైన్‌అప్ పేజీ, ట్యాగులు పెట్టుకునే వీలున్న ఈమెయిల్ సర్వీసు, బుకింగులకు ఒక గూగుల్ ఫారం, దాని వెనక షీటు, ఒక పేమెంట్ లింకు. మిగతావన్నీ ఆదాయం కనబడ్డాక కొనుక్కోవచ్చు.

సైన్‌అప్ పేజీలో ఈమెయిల్, విభాగాలు తప్ప ఇంకేమీ అడగకండి. విభాగాలు ఐదారుకు మించితే నష్టమే. ఎనిమిది వందల మందిని ఇరవై విభాగాలకు పంచితే ఒక్కోదానిలో నలభై మంది మిగులుతారు. నలభై మందికి పంపడానికి ఏ రచయిత ఫీజు కడతాడు? చేరినవాళ్లకు నిర్ధారణ మెయిల్ పంపి, అందులోని లింకు నొక్కాకే జాబితాలో చేర్చే డబుల్ ఆప్ట్-ఇన్ తప్పకుండా పెట్టండి. చేరేవాళ్ల సంఖ్య కొంత తగ్గినట్టు కనబడుతుంది గానీ తప్పుడు అడ్రసులు, బాట్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. మెయిల్ జాబితాలు అమ్ముతామని ఎవరైనా వస్తే దూరం పెట్టండి. ఎందుకో కింది జవాబులో ఉంది.

బుకింగ్ దగ్గర ఒక చిక్కుంది. గూగుల్ ఫారంలో ఒకరు ఎంచుకున్న తేదీ దానంతట అది మాయమవదు. అదే రోజును ఇద్దరు ఎంచుకుంటారు. కాబట్టి ఫారంలో కోరిన తేదీతో పాటు ప్రత్యామ్నాయంగా మరో తేదీ అడగండి. మీరు షీటు చూసుకుని తేదీ ఖాయం చేశాకే పేమెంట్ లింకు పంపండి. డబ్బు ముందు తీసుకుని తేదీ తర్వాత వెతికితే రీఫండ్ల పని మీద పడుతుంది. షీటులో పుస్తకం పేరు, లింకు, విభాగం, మామూలు ధర, తగ్గింపు ధర, తగ్గింపు మొదలయ్యే, ముగిసే తేదీలు, అది ఏయే దేశాల స్టోర్లలో ఉంటుంది, డబ్బు అందిందా, ధర సరిచూశామా అనే కాలమ్‌లు ఉండాలి. చివరిదాన్ని ఖాళీగా వదిలేసినవాళ్లే మూడో ప్రశ్న పంపుతుంటారు!

ఇక ఫీజు. మీ విభాగంలో వెయ్యి మంది ఉండి, అందులో ముప్పై మంది లింకు నొక్కి, వాళ్లలో ముగ్గురు కొన్నారనుకుందాం. రచయితకు దక్కేది మూడు కాపీల రాయల్టీ. దానికి పదింతలు ఫీజు అడిగితే ఒకసారి ఇస్తాడు, మళ్లీ రాడు. అందుకే కొన్ని పుస్తకాలను ఉచితంగా నడిపి, ఒక్కోదానికి ఎన్ని క్లిక్‌లు వచ్చాయో చూసుకున్నాకే ధర పెట్టండి.

ప్రశ్న: జాబితాలో మూడు వేల మంది ఉన్నారు. నెల రోజుల నుంచి మా మెయిల్స్ చాలామందికి స్పామ్‌లో పడుతున్నాయి. సర్వీసువాళ్లు 'మీ డొమైన్ చూసుకోండి' అంటున్నారు. ఏం చూడాలి?

జవాబు: ముందు మీ మెయిల్‌ను మీ జీమెయిల్‌కే పంపుకోండి. కంప్యూటర్లో తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు కనబడతాయి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే తనిఖీలివి. మూడింటి పక్కనా 'పాస్' ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. జీమెయిల్ అకౌంట్లకు రోజుకు ఐదు వేలకు పైగా పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. మీ సంఖ్య అంతకన్నా తక్కువే అయినా మూడూ పెట్టుకోవడమే మేలు.

ఎస్‌పీఎఫ్ ఫెయిలైతే సాధారణంగా కారణం ఒకటే. డొమైన్ కొన్నచోట ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు ముందే ఉంటుంది, ఈమెయిల్ సర్వీసు చెప్పిందని మీరు రెండోది చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. రెండింటిలోని 'ఇన్‌క్లూడ్' భాగాలను ఒకే వరుసలోకి తెచ్చి రెండోదాన్ని తీసేయండి. దాన్ని పరిశీలించేటప్పుడు డీఎన్‌ఎస్ (డొమైన్ రికార్డులు ఉండే పట్టిక) వెతుకులాటలు పదికి మించితే కూడా అది ఫెయిలే. కాబట్టి మానేసిన పాత సర్వీసుల పేర్లను తొలగించండి.

డీకిమ్ దగ్గర జరిగే పొరపాటు ఇంకా చిన్నది. సర్వీసు ఇచ్చిన సీనేమ్ (డీఎన్‌ఎస్‌లో చేర్చే ఒక రకం రికార్డు) పేరులో చివర మీ డొమైన్ కూడా ఉంటుంది. చాలా డీఎన్‌ఎస్ ప్యానెళ్లు డొమైన్‌ను తామే తగిలిస్తాయి. పేరు మొత్తం అతికిస్తే డొమైన్ రెండుసార్లు పడి, రికార్డు ఉన్నా ఎవరికీ కనబడదు. సేవ్ చేశాక పూర్తి పేరు ఎలా వచ్చిందో చదవండి. క్లౌడ్‌ఫ్లేర్ వాడుతుంటే ఆ రికార్డు పక్కన నారింజరంగు మబ్బు గుర్తును బూడిదరంగులోకి, అంటే 'డీఎన్‌ఎస్ ఓన్లీ'కి మార్చాలి. డీమార్క్‌ను మొదట 'నన్' (ఫెయిలైన మెయిల్‌ను ఏమీ చేయొద్దు) పాలసీతో పెట్టి, రిపోర్టుల్లో అంతా సవ్యంగా ఉందని తేలాకే 'క్వారంటైన్' (స్పామ్‌లో వేయండి)కు వెళ్లండి. పంపేవారి అడ్రసుగా జీమెయిల్ ఐడీ పెట్టి బల్క్ సర్వీసుతో పంపుతుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. సొంత డొమైన్ అడ్రసే ఉండాలి.

మూడూ పాసైనా స్పామ్‌కే వెళ్తుంటే లోపం మీ జాబితాలో ఉన్నట్టు. గూగుల్ పెట్టిన హద్దు ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపు ఉంచుకోవాలి. వెయ్యి మందిలో ముగ్గురు 'స్పామ్' నొక్కితే చాలు, గీత దాటినట్టే. కొన్న జాబితాలో మీరెవరో తెలియనివాళ్లే అందరూ. ఆ ముగ్గురు మొదటి మెయిల్‌కే దొరుకుతారు.

మీలాంటివాళ్లు ఊహించని కారణం ఇంకొకటి ఉంది. మెయిల్ కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని దాచేస్తుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు అట్టడుగున ఉంటుంది కాబట్టి దాంతో పాటే మాయమవుతుంది. వదిలించుకోవాలనుకున్న పాఠకుడికి ఎదురుగా కనబడేది స్పామ్ బటన్. బొమ్మల సైజు ఈ లెక్కలోకి రాదు, అక్షరాలూ కోడూ మాత్రమే వస్తాయి. పైగా అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి, ఇంగ్లిష్ అక్షరానికి ఒకటే. వర్డ్ ఫైలు నుంచి నేరుగా అతికించారంటే కనబడని ఫార్మాటింగ్ కోడ్ బోలెడంత వచ్చి చేరుతుంది. 'పేస్ట్ వితౌట్ ఫార్మాటింగ్' వాడండి, ఒక మెయిల్‌లో నాలుగైదు పుస్తకాలకు మించకండి.

ఇవన్నీ సరిచేశాక ఒక్కసారిగా మూడు వేల మందికీ పంపొద్దు. గత నెలా రెండు నెలల్లో లింకు నొక్కినవాళ్లకు ముందు పంపి, తర్వాత విడతలవారీగా పెంచండి. ఆర్నెల్లుగా ఒక్కసారీ నొక్కనివాళ్లకు 'ఇంకా కావాలా?' అని ఒక మెయిల్ పెట్టి, జవాబు లేకపోతే తీసేయండి. మూడు వేలు పద్ధెనిమిది వందలైనా దిగులుపడక్కర్లేదు.

ప్రశ్న: తగ్గింపు ధర అని మెయిల్ పంపాం. పాఠకులు వెళ్లి చూస్తే పాత ధరే ఉంది. రచయిత మాత్రం ముందురోజే మార్చానంటున్నారు. ఎవరిది తప్పు?

జవాబు: రచయిత నిజమే చెబుతూ ఉండొచ్చు. అమెజాన్ కేడీపీలో (రచయితలు సొంతంగా ఈబుక్స్ ప్రచురించుకునే వేదిక) ధర మార్చాక అది స్టోర్‌లో కనబడటానికి 72 గంటల వరకు పట్టవచ్చు. చేత్తో మార్చే ధరైతే మెయిల్‌కు కనీసం మూడు రోజుల ముందే మార్చాలని మీ నిబంధనల్లో రాయండి.

కేడీపీ సెలెక్ట్‌లో, అంటే ఈబుక్‌ను అమెజాన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే పథకంలో, ఉన్న పుస్తకాల లెక్క వేరు. 90 రోజుల గడువులో ఐదు రోజులు ఉచితంగా ఇవ్వొచ్చు, లేదా కొద్దిరోజులు ధర తగ్గించే కౌంట్‌డౌన్ డీల్ పెట్టుకోవచ్చు. కౌంట్‌డౌన్ డీల్ అమెరికా, బ్రిటన్ స్టోర్లలోనే పనిచేస్తుంది. వేరే దేశంలో ఉన్న మీ పాఠకుడికి పూర్తి ధరే కనబడుతుంది. అమెరికా స్టోర్‌లో ఈ ఆఫర్లు మొదలయ్యేది కూడా అక్కడి పసిఫిక్ కాలమానం ప్రకారం. ఆసియాలో పొద్దున్నే పంపిన మెయిల్ చదివేవాళ్లకు ఆఫర్ ఇంకా మొదలై ఉండదు.

కాబట్టి మెయిల్‌ను షెడ్యూల్ చేసి వదిలేయకండి. పంపే గంట ముందు ప్రైవేట్ విండోలో, లాగిన్ లేకుండా, ప్రతి లింకూ తెరిచి ధర చూడండి. తగ్గకపోతే ఆ పుస్తకాన్ని తీసేసి, వెయిటింగ్‌లో ఉన్న మరోదాన్ని పెట్టండి. లింకును కూడా కత్తిరించండి: అమెజాన్ అడ్రసులో 'డీపీ' తర్వాత వచ్చే పదక్షరాల ఏసిన్ (అమెజాన్ ఇచ్చే గుర్తింపు కోడ్) దాకా చాలు, ఆ తర్వాతి తోకంతా రచయిత ఎప్పుడో వెతికినప్పటి గుర్తులు.

ప్రశ్న: మా రిపోర్టులో ఓపెన్ రేట్ (మెయిల్ తెరిచినవాళ్ల శాతం) యాభై శాతం పైనే. రచయితలు మాత్రం అమ్మకాలు లేవంటున్నారు.

జవాబు: ఓపెన్ రేట్‌ను రచయితలకు చూపించడం మానేయండి. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ఆపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్, మనిషి తెరిచినా తెరవకున్నా మెయిల్‌లోని బొమ్మల్ని ముందే తెచ్చి పెట్టుకుంటుంది. మీ సర్వీసు దాన్నే 'ఓపెన్' అని లెక్కేస్తుంది. క్లిక్‌లు కొంత నయం. అందులోనూ ఆఫీసు మెయిల్ సర్వర్లలోని భద్రతా సాఫ్ట్‌వేర్ నొక్కేవి కలుస్తాయి. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే ఒకే అడ్రసు నుంచి అన్ని లింకుల మీదా క్లిక్ పడిందంటే అది మనిషి పని కాదు. వాటిని తీసేసి చెప్పండి.

అమ్మకాల సంగతికొస్తే, క్లిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి లింకు చివర తగిలించే యూటీఎం గుర్తులు మీ సొంత పేజీ వరకే దారి చూపిస్తాయి. పాఠకుడు స్టోర్‌లోకి వెళ్లాక కొన్నాడో లేదో మీకు తెలియదు. ప్రచారానికి ముందు వారం రోజుల సగటు అమ్మకాలను, ఆ రోజు, మర్నాటి అమ్మకాలను రచయితనే తన డ్యాష్‌బోర్డు చూసి పంపమనండి. అదే రోజు వేరే చోట కూడా ప్రచారం పెట్టారా అని ముందే అడగాలి, లేదంటే ఈ పోలికకు అర్థమే ఉండదు.

ప్రశ్న: ఎక్సెల్‌లో పుస్తకాల గుర్తింపు నంబర్లు, అంటే ఐఎస్‌బీఎన్‌లన్నీ 9.78ఈ+12గా మారిపోయాయి. వెనక్కి వస్తాయా?

జవాబు: ఫైలు ఇంకా ఎక్సెల్ ఫార్మాట్‌లోనే ఉంటే వస్తాయి. కాలమ్‌ను ఎంచుకుని 'నంబర్' ఫార్మాట్‌లో దశాంశాలు సున్నా చేయండి. 9.78ఈ+12గా కనబడుతుండగానే సీఎస్‌వీగా (ఫార్మాటింగ్ లేని సాదా టెక్స్ట్ ఫైలు) సేవ్ చేసి మూసేస్తే మాత్రం చివరి అంకెలు పోయినట్టే. మూల ఫైలు వెతుక్కోవాలి. ఇకపై సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చి ఆ కాలమ్‌ను 'టెక్స్ట్' అని చెప్పండి. పాత పదంకెల ఐఎస్‌బీఎన్‌లలో ముందున్న సున్నా ఎగిరిపోకుండా ఉండేదీ దీంతోనే.

ప్రశ్న: రచయితలు 'పది రివ్యూలతో కలిపి ప్యాకేజీ' అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. డబ్బుకో ప్రతిఫలానికో రాసిన రివ్యూలను అమెజాన్ నిషేధించింది. రచయితలు ఒకరి పుస్తకానికి ఒకరు రాసుకోవడమూ కుదరదు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ తెచ్చిన నకిలీ రివ్యూల నిషేధం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. బయటపడితే పోయేది రచయిత అకౌంటు, ఆ తర్వాత మీ పేరు.

ముందస్తు కాపీని ఉచితంగా పంచి, రివ్యూ రాయాలన్న షరతు పెట్టకుండా వదిలేయవచ్చు. రాస్తారా లేదా అనేది పాఠకుల ఇష్టం. ఆ పంపిణీకి ఫీజు తీసుకోండి, రివ్యూల సంఖ్యకు హామీ ఇవ్వకండి. ఫైలు ఈపబ్ అనే ఈబుక్ ఫార్మాట్‌లో పంపండి. కిండిల్ ఉన్నవాళ్లు దాన్ని కేబుల్‌తో కాపీ చేస్తే తెరుచుకోదు. 'సెండ్ టు కిండిల్' ద్వారా పంపుకోవాలి. అది పాత ఫార్మాటైన మోబీ ఫైళ్లను ఇప్పుడు తీసుకోవడం లేదు.

ప్రశ్న: రచయితలు పంపే కవర్ బొమ్మలు మెయిల్‌లో వెలిసిపోయినట్టో, మరీ గాఢంగానో వస్తున్నాయి. పరిచయ వాక్యాలు అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

జవాబు: బొమ్మ అచ్చు రంగుల్లో చేసిన సీఎంవైకే ఫైలు అయ్యుంటుంది. ఫొటోషాప్‌లో 'కన్వర్ట్ టు ప్రొఫైల్'తో తెరల మీద వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, 500 పిక్సెళ్ల వెడల్పుతో జేపెగ్‌గా సేవ్ చేసి, మెయిల్‌లో 250 వెడల్పుకు చూపించండి. వాక్యాలు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో టైప్ చేసినవి అయ్యుంటాయి. యూనికోడ్ కన్వర్టర్‌లో వేసి తీసుకోండి. అయితే వత్తులు, క్రావడి ఉన్న మాటల్ని ఒకసారి కళ్లతో చదవాల్సిందే.

ప్రశ్న: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పంపితే సగం మందికి కూడా అందడం లేదు.

జవాబు: మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. జాబితాకు 256 మందే పరిమితి. వాట్సాప్ ఛానల్ పెట్టుకుంటే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు, చేరినవాళ్ల నంబర్లు ఇతర సభ్యులకు కనబడవు కూడా. కాకపోతే ఛానల్‌లో విభాగాలవారీగా పంపలేరు. క్రైమ్ నవలలకు ఒకటి, పిల్లల పుస్తకాలకు ఒకటి అని విడిగా పెట్టాల్సి ఉంటుంది.