షార్ట్ సేల్ అయ్యాక రెండో లోను కోసం కలెక్షన్ వాళ్లు వెంటపడుతుంటే లాయర్ని ఎక్కడ వెతకాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఉద్యోగం పోయాక అమెరికాలో మీ ఇల్లు షార్ట్ సేల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకోలుతో లోను బాకీకన్నా తక్కువ ధరకి, అమ్మేశారు. మొదటి బ్యాంకు మిగతా బాకీ వదిలేసింది. ఇప్పుడు రెండేళ్లకి హోమ్ ఈక్విటీ లోను (అదే ఇంటి మీద తీసుకున్న రెండో లోను) బాకీ ఉందంటూ ఒక కలెక్షన్ ఏజెన్సీ ఫోన్లు చేస్తోంది, పోయిన వారం ఉత్తరం కూడా వచ్చింది. ఆ ఏజెన్సీ వాళ్లు మీ బావగారికి ఫోన్ చేసి అప్పు సంగతంతా చెప్పారు. మీరు హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నారు కాబట్టి వీసా పోతుందని బెదిరించారు. మీరు కనుక్కున్న లాయర్లు ముందే వేల డాలర్లు కట్టమంటున్నారు. చేతిలో డబ్బు లేకుండా లాయరు దొరుకుతారా అని అడిగారు.

దొరుకుతారు. మన వాళ్లు ఇలాంటప్పుడు ముందు హెచ్‌1బీ వేసిన ఇమిగ్రేషన్ లాయర్నో, ఇల్లు కొన్నప్పుడు క్లోజింగ్ (కొనుగోలు కాగితాల పని) చేసిన లాయర్నో అడుగుతారు. వాళ్లు గంటకింత అని తీసుకుంటారు, పైగా ఈ పని వాళ్లది కాదు. మీరు వెతకాల్సింది కన్స్యూమర్ లాయర్ని, అందులోనూ అప్పు వసూలు ఏజెన్సీల మీద కేసులు వేసేవాళ్లని. 1977లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటుంది, ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్ అంటారు. ఏజెన్సీ ఈ చట్టాన్ని మీరిందని కోర్టులో తేలితే మీకు జరిగిన నష్టం, దానిపైన 1,000 డాలర్ల వరకూ పరిహారం, మీ లాయరు ఫీజు కూడా ఆ ఏజెన్సీయే కట్టాలి. అందుకే ఈ లాయర్లలో చాలామంది మీ దగ్గర పైసా తీసుకోకుండా కేసు తీసుకుంటారు.

మీరు రాసినవి నిజంగా అలాగే జరిగి ఉంటే అలాంటి కేసు మీ చేతిలో ఉన్నట్టే. మీ అడ్రసు, ఫోన్ నంబరు కనుక్కోవడానికి తప్ప ఏజెన్సీ మీ బంధువులకి ఫోన్ చేయకూడదు. అప్పుడు కూడా అప్పు సంగతి ఎత్తకూడదు. వీసా పోతుందన్నది ఉత్త బెదిరింపు. ఇంటి లోను బాకీ సివిల్ వ్యవహారం. దానికి అరెస్టు లేదు, ఏజెన్సీ చేతిలో మీ వీసా లేదు. చేయలేని పని చేస్తామని బెదిరించడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే. అయితే కేసు వేయడానికి గడువు తప్పు జరిగిన రోజు నుంచి ఏడాదే. మీ బావగారికి ఫోన్ ఏ రోజు వచ్చింది, ఏ నంబరు నుంచి, ఏ మాటలు అన్నారు, ఇవన్నీ ఆయన చేతే ఈరోజే రాయించి పెట్టుకోండి. ఆయన ఫోన్‌లో కాల్ లిస్టుకి స్క్రీన్‌షాట్ తీయించండి. మీకొచ్చిన వాయిస్‌మెయిల్ ఏదీ చెరపకండి. కాల్ రికార్డు చేయాలనుకుంటే మాత్రం ముందు మీ రాష్ట్రం రూలు చూసుకోండి. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, వాషింగ్టన్ లాంటి చోట్ల అవతలివాళ్లు ఒప్పుకోకుండా రికార్డు చేస్తే తప్పు మీదవుతుంది.

ఇంకో సంగతి. ఈ ఫెడరల్ చట్టం ఏజెన్సీలకి, పాత బాకీలు కొని వసూలు చేసేవాళ్లకి వర్తిస్తుంది. లోను ఇచ్చిన బ్యాంకే తన పేరు మీద వసూలు చేసుకుంటుంటే సాధారణంగా వర్తించదు. అప్పుడు రాష్ట్ర చట్టం చూడాలి. కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడా చట్టాలు బ్యాంకుల్ని కూడా పట్టుకుంటాయి.

ఎక్కడ వెతకాలంటే, నేను ముందు చెప్పేది నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కన్స్యూమర్ అడ్వకేట్స్. వాళ్ల వెబ్‌సైట్లో రాష్ట్రాన్ని బట్టి, విషయాన్ని బట్టి లాయర్ల పేర్లు వస్తాయి. విషయం దగ్గర డెట్ కలెక్షన్ ఎంచుకోండి. అక్కడ దొరకకపోతే మీ రాష్ట్ర బార్ అసోసియేషన్ లాయర్ రిఫరల్ సర్వీసుకి ఫోన్ చేయండి. ఫోన్లో మొదటే రెండు మాటలు అడగండి: "కలెక్షన్ ఏజెన్సీ చట్టాన్ని మీరిన కేసులు తీసుకుంటారా? ఫీజు అవతలివాళ్ల దగ్గర వసూలు చేసుకునే పద్ధతిలో తీసుకుంటారా?" కాదంటే థాంక్స్ చెప్పి ఇంకొకరికి చేయండి.

లీగల్ ఎయిడ్ (డబ్బు లేనివాళ్లకి ఉచితంగా లాయరు సాయం చేసే సంస్థలు) గురించి మీకు చాలామంది చెప్తారు. హెచ్‌1బీ వాళ్లు అక్కడ ఆశలు పెట్టుకుని రోజులు పోగొట్టుకోకూడదని నా మాట. లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ నిధులు తీసుకునే సంస్థలు సిటిజన్లకి, గ్రీన్ కార్డు వాళ్లకి, ఇంకా కొన్ని ప్రత్యేక వర్గాల వాళ్లకి మాత్రమే సాయం చేయాలి. మామూలుగా హెచ్‌1బీ అందులోకి రాదు. ఆదాయ పరిమితి కూడా ఉంటుంది. ఆ నిధులు తీసుకోని క్లినిక్‌లు, లా కాలేజీల్లో నడిచే కన్స్యూమర్ క్లినిక్‌లు ఉంటాయి, వాటిని అడగొచ్చు.

మన ఐటీ వాళ్లలో చాలామంది గమనించనిది ఇంకోటుంది. కొత్త ఉద్యోగంలో బెనిఫిట్స్ పేజీ తెరిచి లీగల్ ప్లాన్ ఉందేమో చూడండి. మెట్‌లైఫ్ లీగల్, ఆరాగ్ లాంటి పేర్లతో ఉంటాయి. నెలకి కొద్ది డాలర్లు జీతంలోంచి పోతాయి, అప్పు వసూలు వ్యవహారాలు వీటిలో చాలా ప్లాన్లలో ఉంటాయి. చేరకముందే మొదలైన గొడవకి వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి అడగండి. మీ కంపెనీలో లేకపోతే మీ ఆవిడ కంపెనీలో ఉందేమో చూడండి. ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ (ఉద్యోగుల సొంత ఇబ్బందులకి కంపెనీ ఇచ్చే సాయం) ఉన్నచోట అరగంట లాయరుతో ఉచితంగా మాట్లాడే వీలు కూడా తరచుగా ఉంటుంది.

లాయరు దొరికేలోపు మీరే చేయాల్సిన పని ఒకటుంది, అది ఆగదు. ఆ ఉత్తరం మీకు అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు ఈ బాకీని ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా పంపాలి. ఆ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఉత్తరంలోనే ఉంటుంది. గడువులోపు మీ ఉత్తరం అందితే, వాళ్లు బాకీకి ఆధారాలు పంపేదాకా వసూలు ఆపాలి. నాలుగు వాక్యాలు చాలు: ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు, దీనికి ఆధారాలు పంపండి, మొదట లోను ఇచ్చింది ఎవరో పేరు, అడ్రసు చెప్పండి, నా బంధువులకి ఫోన్ చేయకండి. సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రసీదుతో పంపండి. "ఉద్యోగం పోయింది, ఇప్పుడు కట్టలేను, తర్వాత చూస్తాను" లాంటి మాటలు ఉత్తరంలోనూ వద్దు, ఫోన్లోనూ వద్దు. మంచితనం కోసం 50 డాలర్లు కూడా పంపకండి. చాలా రాష్ట్రాల్లో కొంచెం కట్టినా పాత బాకీకి గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాంకు అకౌంట్ నంబరు అసలే చెప్పకండి.

ఇక మా సంగతి. మేం ఉండేది జార్జియాలో. 2006లో ఇల్లు కొన్నప్పుడు ధరలో 80 శాతానికి ఒక లోను, 20 శాతానికి ఇంకో లోను ఇచ్చారు, అప్పట్లో అది మామూలే. తర్వాత మావారి ప్రాజెక్టు ఆగిపోయింది, ఇంటి ధర లోనుకన్నా కిందికి దిగిపోయింది, 2012లో షార్ట్ సేల్ చేశాం. మొదటి బ్యాంకు ఉత్తరంలో మిగతా బాకీ మాఫీ అని ఉంది. రెండో బ్యాంకు ఉత్తరంలో ఇంటి మీద తాకట్టు మాత్రమే వదులుకుంటున్నాం, మిగిలిన బాకీ వసూలు చేసుకునే హక్కు మాకుంటుంది అని ఉంది. ఆ షరతు ఒప్పుకోకపోతే ఇల్లు అమ్ముడుపోదు, బ్యాంకు వేలానికి పోతుంది. కొన్నేళ్లకి ఆ బాకీని ఎవరో కొనుక్కుని మా మీదకి వచ్చారు.

అందుకే మీరు కూడా అమ్మకానికి బ్యాంకులు ఒప్పుకుంటూ ఇచ్చిన ఉత్తరాలు రెండూ తీయండి. రెండో ఉత్తరంలో తాకట్టు విడుదల అని మాత్రమే ఉందా, బాకీ పూర్తిగా తీరినట్టు ఉందా? మొత్తం కథ ఆ వాక్యం మీదే నడుస్తుంది. ఉత్తరం దొరక్కపోతే రియల్టర్‌ని, క్లోజింగ్ ఆఫీసుని అడిగితే ఫైల్లో ఉంటుంది. (2010 నుంచి 2016 వరకూ నడిచిన హాఫా అనే ప్రభుత్వ పథకం కింద షార్ట్ సేల్ చేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పథకంలో రెండో లోను వాళ్లు కూడా మిగతా బాకీ వదులుకోవాలి. మీ కాగితాల్లో ఆ పేరు ఉందేమో చూసుకోండి.)

మా లాయరమ్మ అన్నిటికన్నా ముందు చూసింది పాత ప్రామిసరీ నోటులో సంతకాల పేజీ. జార్జియాలో మామూలు రాత ఒప్పందం మీద కేసుకి 6 ఏళ్లు గడువు. అదే నోటు సీల్ కింద, అంటే ముద్ర వేసిన పత్రంగా, రాసినదైతే 20 ఏళ్లు. మా నోటులో ఆ మాట ఉంది, సంతకం పక్కన సీల్ అని అచ్చయి ఉంది. గడువు దాటేదాకా ఓపిక పడితే పోతుందని స్నేహితులు ఇచ్చిన సలహా అక్కడితో పనికిరాకుండా పోయింది. ఆ తర్వాత ఆవిడ ఏజెన్సీని రెండు విషయాల మీద నిలదీసింది. ఆ లోను ఇచ్చిన రెండో బ్యాంకు నుంచి వీళ్ల దాకా బాకీ చేతులు మారినట్టు ప్రతి అడుగుకీ కాగితం చూపమంది. మధ్యలో ఒక బదిలీకి వాళ్ల దగ్గర కాగితం లేదు. రెండోది, మావారి పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసి అప్పు సంగతి చెప్పడం. చివరికి వాళ్లు బాకీ మొత్తం వదులుకున్నారు, మేం కేసు వేయకుండా ఊరుకున్నాం, ఆవిడ ఫీజు వాళ్లే కట్టారు. మీకూ అచ్చం ఇలాగే అవుతుందని మాట ఇవ్వలేను, మీ కాగితాలు వేరు. కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన మనిషి పక్కన ఉంటే అవతలివాళ్ల గొంతు మారడం నేను విన్నాను.

మీరు ఏ రాష్ట్రమో రాయలేదు. కాలిఫోర్నియా అయితే మీ కథ వేరేలా ఉంటుంది. 2011 జులై 15 నుంచి అక్కడ ఒకటి నుంచి నాలుగు యూనిట్ల ఇంటి షార్ట్ సేల్‌కి లోను ఇచ్చినవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, మొదటివాళ్లు గానీ రెండోవాళ్లు గానీ మిగతా బాకీ అడగకూడదు. మోసం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. మిగతా చాలా రాష్ట్రాల్లో ఇంత గట్టి రక్షణ లేదు.

మీరు ఇల్లు మారి ఉంటే జాగ్రత్త. కోర్టు సమన్లు పాత అడ్రసుకి పోయి, మీకు తెలియకుండానే తీర్పు అయిపోయి, ఆ తర్వాత జీతంలోంచి కోత మొదలైనవాళ్లు నాకు తెలుసు. ఫెడరల్ చట్టం ప్రకారం చేతికొచ్చే జీతంలో 25 శాతం దాకా పట్టుకోవచ్చు. టెక్సాస్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఇలాంటి బాకీలకి జీతం పట్టనివ్వవు. సమన్లు వస్తే జవాబు వేయడానికి తరచుగా 20 నుంచి 30 రోజులే ఉంటాయి. ఆ కాగితం వచ్చిన రోజే లాయర్లకి ఫోన్ చేయాలి. పాత ఊళ్లోని కౌంటీ కోర్టు వెబ్‌సైట్లో మీ పేరు మీద కేసు ఉందేమో అప్పుడప్పుడు వెతకండి.

ఇంటి సంగతి నలుగురికీ తెలిస్తే పరువేమవుతుందని మీరు రాసిన వాక్యం దగ్గర నాకు చాలా బాధేసింది. ఆ ఏజెన్సీ మీ బావగారికి ఫోన్ చేసింది సరిగ్గా ఆ భయం తెలిసే. మీ దగ్గరి వాళ్లకి మీరే ముందు చెప్పేయండి, ఫోన్ వస్తే ఏ వివరమూ ఇవ్వకుండా తేదీ, సమయం రాసుకోమనండి. అప్పుడు వాళ్లంతా మీకు సాక్షులవుతారు.

అప్పు సగానికి తగ్గిస్తాం, ముందు ఫీజు కట్టండి అనే కంపెనీలు మీకు ఈపాటికే ఫోన్ చేసే ఉంటాయి. ఫోన్ మీద ఇలాంటి సేవ అమ్మేవాళ్లు పని చేయకముందే ఫీజు తీసుకోవడాన్ని ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) 2010లోనే నిషేధించింది. వాళ్ల జోలికి పోకండి. సీఎఫ్‌పీబీలోనూ (వినియోగదారుల ఆర్థిక వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ), మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులోనూ ఏజెన్సీ మీద ఫిర్యాదు పెట్టడం ఉచితం. లాయరు దొరికితే మాత్రం ముందు ఆయన్ని అడిగి పెట్టండి.

రాజీ కుదిరితే డబ్బు ఇచ్చేముందే కాగితం చేతికి రావాలి. అందులో బాకీ మొత్తం తీరిపోయిందని, మిగిలింది ఇంకెవరికీ అమ్మబోమని, క్రెడిట్ రిపోర్టులో సరిచేస్తామని ఉండాలి. మాఫీ అయిన మొత్తానికి 1099-సీ ఫారం వస్తే దాన్ని ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) ఆదాయంగా చూస్తుంది. మాఫీ నాటికి మీ ఆస్తులకన్నా అప్పులు ఎక్కువని చూపగలిగితే, ఎంత ఎక్కువో అంత మేరకు 982 ఫారంతో ఆదాయం లోంచి మినహాయించుకోవచ్చు. ఆ లెక్కలో 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) వస్తుంది, హైదరాబాద్‌లో మీ పేరు మీద ఉన్న ప్లాటు కూడా వస్తుంది. రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందే ఈ లెక్క ఒక సీపీఏ (లైసెన్సు ఉన్న అకౌంటెంట్) చేత వేయించండి.