చిప్ కోర్సుకు లక్షా నలభై వేలు కట్టాలా?

ప్రశ్న (పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మాది రాయగడ జిల్లా గుణుపూర్. చిన్న బట్టల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. ఇప్పుడంతా సెమీకండక్టర్లదే కాలం అంటున్నారు. బెంగళూరులో ఒక సంస్థ ఆరు నెలల వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) కోర్సుకు లక్షా నలభై వేలు అడుగుతోంది, వంద శాతం ప్లేస్‌మెంట్ అంటోంది. పదివేలు అడ్వాన్సు కట్టేశాం. తీరా చూస్తే కాలేజీలో మెమరీ చిప్ మీద ఇచ్చిన మినీ ప్రాజెక్టే రావడం లేదని పాప ఏడుస్తోంది. మా తమ్ముడి కొడుకు విశాఖలో సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు. పాపని చిప్పుల వైపు పంపాలా, సాఫ్ట్‌వేర్‌కి మార్చాలా? రెండూ పోల్చి చెప్పండి. పాప రాసిన మాట కూడా పెడుతున్నాను: 'ఒక కమాండ్ రెండు క్లాకుల్లో రావడం ఏమిటో అర్థం కావడం లేదు సార్. నేను దీనికి పనికిరానేమో.'

జవాబు: పోల్చి చెప్తాను గానీ, కాసేపాగి. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, హాస్టల్ ఖర్చుంది, తమ్ముడి కొడుకు జీతం పైసలతో సహా ఉంది. అమ్మాయి మాట మాత్రం చివర్లో రెండు ముక్కలు. నాకు అసలు ప్రశ్న అక్కడే కనిపించింది.

పర్లాకిమిడి నుంచి జయపురం దాకా, ఈ సరిహద్దు ఊళ్లలోని తెలుగు ఇళ్ల నుంచి ఇదే ప్రశ్న వేషం మార్చుకుని నా దగ్గరికి వస్తుంటుంది. మొన్నటిదాకా 'ఏఐనా, డేటా సైన్సా' అనేవారు, ఇప్పుడు 'చిప్పులా, సాఫ్ట్‌వేరా' అంటున్నారు. లోపలున్న బెంగ మాత్రం మారలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీకొచ్చాక తడబడే ఇంగ్లీషు. అటు ఆంధ్రా వెళ్తే నాన్-లోకల్, ఇటు భువనేశ్వర్ వెళ్తే 'తెలుగోళ్లు'. ఇలాంటి చోటు నుంచి వెళ్లిన పిల్ల పెద్ద ఊళ్ల పిల్లల ముందు నిలబడగలదా అని మీ టెన్షన్. ఆ టెన్షన్‌కే మీరు పదివేలు అడ్వాన్సు కట్టారు.

అందుకని ముందు అమ్మాయితో మాట్లాడతాను. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను మెమరీ చిప్పుల టెస్టింగ్‌లో ఉన్నాను కాబట్టి కాస్త చొరవ తీసుకుంటున్నాను.

అమ్మా, నీ పుస్తకం ఒక కాలం చిప్ గురించి చెబుతోంది, నీ ప్రాజెక్టు ఇంకో కాలం చిప్‌ని అడుగుతోంది. అర్థం కాకపోవడానికి మొదటి కారణం అదే. పుస్తకాల్లో ఉండే పాత ఎస్‌డీర్యామ్ మెమరీ చిప్ కమాండ్ల పట్టికలో సీఎస్, ఆర్‌ఏఎస్, సీఏఎస్, డబ్ల్యూఈ అని నాలుగు పిన్నులుంటాయి; సీఎస్ అంటే ఈ మాట నీకే అని చిప్‌ని పిలిచే పిన్ను. చిప్ పనులకి లయ కట్టే క్లాక్ సిగ్నల్ సున్నా నుంచి ఒకటికి లేచే క్షణంలో చిప్ ఆ నాలుగింటినీ, పక్కనున్న అడ్రస్ పిన్నులనూ ఒకేసారి పట్టుకుంటుంది. సీఎస్, ఆర్‌ఏఎస్ సున్నాలో ఉండి మిగతా రెండూ ఒకటిలో ఉంటే యాక్టివేట్, అంటే ఫలానా రో (మెమరీ గడుల వరుస) తెరవమని. సీఎస్, సీఏఎస్ సున్నాలో ఉండి మిగతా రెండూ ఒకటిలో ఉంటే రీడ్. ఒక క్లాకుకి ఒక కమాండు, అక్కడితో పని అయిపోతుంది. 2012లో వచ్చిన డీడీఆర్4 తరం మెమరీ కూడా కమాండుని ఒక్క క్లాకులోనే తీసుకుంటుంది. అందుకు దానికి అడ్రసుకీ కమాండుకీ కలిపి 20కి పైగా పిన్నులు కావలసి వచ్చాయి.

2020 జులైలో మెమరీ ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ విడుదల చేసిన డీడీఆర్5లో వాటిని 14కి కుదించారు, సీఏ0 నుంచి సీఏ13 వరకు. రో నంబరుకే 18 బిట్ల దాకా కావాలి. ఆ రో మెమరీలో ఏ భాగంలో ఉందో, అంటే ఏ బ్యాంక్ గ్రూపో, అందులో ఏ బ్యాంకో కూడా చెప్పాలి. అన్నీ ఒకే క్లాకులో 14 పిన్నుల్లో పట్టవు కాబట్టి రెండు విడతలుగా పంపుతారు. మొదటి క్లాకులో ఇది యాక్టివేట్ అన్న సంగతి, బ్యాంకు నంబరు, రో నంబరులో మొదటి నాలుగు బిట్లు వస్తాయి. మిగతా రో బిట్లు రెండో క్లాకులో. ఫోన్లలో వాడే ఎల్‌పీడీడీఆర్4 ఇంకా పిసినారిది. ఆరే పిన్నులు, ఒక రో తెరవడానికి నాలుగు క్లాకులు.

మనం ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ఐదంకెలు చెప్పి ఆగుతాం. వినేవాళ్లు ఆ ఐదూ రాసుకుని మిగతా ఐదు కోసం చూస్తారు గానీ అప్పుడే డయల్ చేయరు. చిప్ చేసేదీ అదే. మొదటి భాగాన్ని రిజిస్టర్లో దాచుకుని, 'నేను మధ్యలో ఉన్నాను' అని ఒక్క బిట్ దాచుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌లో గుర్తు పెట్టుకుంటుంది. ఇంకో భాగం రావాలని దానికెలా తెలుస్తుందంటే, మొదటి క్లాకులో సీఏ1 చూస్తుంది. అది సున్నా అయితే రెండు క్లాకుల కమాండు, ఒకటి అయితే ఒక్క క్లాకులో అయిపోయేది. యాక్టివేట్, రీడ్, రైట్ మొదటి రకం. డేటా చెరిగిపోకుండా చూసే రిఫ్రెష్, తెరిచిన రోని మూసే ప్రీఛార్జ్ రెండో రకం. డీడీఆర్5-4800లో క్లాకు 2400 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో సైకిల్ అర నానోసెకనుకి కూడా తక్కువ. ఈ నిర్ణయమంతా ఆ వేగంతో జరిగిపోవాలి.

ఇక నాన్నగారు జతచేసిన నీ వేవ్‌ఫామ్ ఫోటో, సిగ్నళ్లు ఎప్పుడు మారాయో చూపే గీతలది. స్క్రీన్ మీద ట్యూబ్‌లైట్ పడి సగం కనబడలేదు గానీ, చూడాల్సిన చోటు కనబడింది. రెండు క్లాకుల కమాండు కదా అని నువ్వు సీఎస్‌ని రెండు క్లాకులూ సున్నాలోనే ఉంచావు. కమాండుని గుర్తుపట్టే నీ డీకోడర్ సీఎస్ సున్నాలో ఉన్న ప్రతి క్లాకునీ కొత్త కమాండుగా లెక్కేస్తోంది. అందుకే యాక్టివేట్ వెనకాలే ఎవరూ పంపని ప్రీఛార్జ్ పుట్టుకొచ్చింది. అది రో నంబరులోని బిట్లు, ప్రీఛార్జ్ వేషంలో. కొన్ని రో నంబర్లకే ఆ తప్పు వస్తోందని, మిగతావాటికి రావడం లేదని నువ్వు తల పట్టుకున్నది కూడా ఇందుకే. ఆ బిట్లు ప్రీఛార్జ్ నమూనాతో కలిసినప్పుడే అది బయటపడుతుంది.

యాక్టివేట్‌కి సీఎస్ మొదటి క్లాకులో సున్నాకి దిగి, రెండో క్లాకులో ఒకటికి తిరిగి రావాలి. డీకోడర్‌ని పరీక్షించే నీ టెస్ట్‌బెంచ్ కోడ్‌లో ఆ లైను మార్చు. డీకోడర్‌లో ఆ 'మధ్యలో ఉన్నాను' బిట్ పెట్టు. టెస్ట్‌బెంచ్ ఒక్కటే మార్చి వదిలేయకు, ఎందుకంటే రీడ్, రైట్ దగ్గర ఇంకో మెలిక ఉంది. అక్కడ రెండో క్లాకులో కూడా సీఎస్ సున్నాలోనే ఉంటే, ఆ చిప్‌కి అర్థం వేరు: ఈ డేటా పని అవే తీగల మీదున్న పక్క ర్యాంకుది, అంటే పక్క చిప్పుల గుంపుది, నువ్వు నీ టర్మినేషన్ (తీగలో సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే పని) మాత్రం చూసుకో అని. మధ్యలో ఉన్నానో లేదో గుర్తుంచుకోని డీకోడర్ ఇక్కడ తప్పకుండా బోల్తా కొడుతుంది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఇక్కడ డేటాషీట్ తెరిచి మళ్లీ చదువుకుంటారు.

ఎక్కడ ఆగిపోయావో నువ్వే ఒక్క వాక్యంలో చెప్పగలిగావు. ఫైనలియర్ పిల్లలు చాలామంది 'ప్రాజెక్ట్ రావట్లేదు సార్' అని ఊరుకుంటారు. నువ్వు పనికిరావని నేను అనను. నీకిది ఇష్టమా కాదా అన్నది వేరే సంగతి, దానికి నువ్వే జవాబు చెప్పాలి.

ఇప్పుడు మీతో, అయ్యా. కాస్త కటువుగా ఉంటుంది.

ఈసీఈలో చేర్పించింది మీరు, ఎవరో 'కోర్ బ్రాంచి' అన్నారని. ఇప్పుడు చిప్పుల కోర్సంటున్నదీ మీరే, యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని. పాప ఏడ్చిందని సాఫ్ట్‌వేర్ అంటున్నదీ మీరే. ఈ మూడింట్లో ఎక్కడైనా ఆమెను కూర్చోబెట్టి అడిగారా? భోజనాల దగ్గర తమ్ముడి కొడుకు జీతం ఎత్తినప్పుడల్లా ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసేసి లోపలికి వెళ్లిపోతోందని మీరే రాశారు. మూయక ఏం చేస్తుంది! మిగతా ఫీజుకి మా ఆవిడ గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాం అని కూడా రాశారు. ఆ మాట పాప ముందు అన్నారో లేదో నాకు తెలియదు. అని ఉంటే, వేవ్‌ఫామ్‌లో తప్పు వచ్చిన ప్రతిసారీ ఆమెకి గాజులే గుర్తొస్తాయి.

చిప్పుల మోజు గురించి నా అనుమానాలు దాచుకోను. పేపర్లో ఫ్యాక్టరీ వార్త చూసి డిజైన్ ఉద్యోగాలు వచ్చేస్తాయనుకుంటున్నారు. గుజరాత్‌లోని సాణంద్‌లో 2023 జూన్‌లో ప్రకటించిన మైక్రాన్ యూనిట్ పెద్దదే, మొత్తం పెట్టుబడి 275 కోట్ల డాలర్లు. కానీ అది చిప్పుల్ని ప్యాక్ చేసి పరీక్షించే చోటు. మన భువనేశ్వర్‌కి 2025 ఆగస్టులో కేంద్రం ఒప్పుకున్న యూనిట్లలో ఒకటి సిలికాన్ కార్బైడ్‌ది, పవర్ ఎలక్ట్రానిక్స్‌కి పనికొచ్చేది. మీ అమ్మాయి కుస్తీ పడుతున్న డీడీఆర్5కీ దానికీ చుట్టరికం లేదు. ఇలాంటి యూనిట్లలో డిప్లొమా వాళ్లకి, మెకానికల్, కెమికల్ వాళ్లకి కూడా చోటుంటుంది, మంచిదే. కమాండ్ డీకోడర్లు రాసే పని మాత్రం ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, నోయిడాల్లో ఉంది. కొత్తవాళ్లకి డిజైన్ కంటే వెరిఫికేషన్‌లోనే ఎక్కువగా తలుపు తెరుచుకుంటుంది. వేరేవాళ్లు రాసిన డిజైన్లో తప్పులు పట్టే పని అది, సిస్టమ్‌వెరిలాగ్ భాష, దాని మీద కట్టిన యూవీఎం పద్ధతి రావాలి.

మెమరీ రంగానికి ఇంకో గుణం ఉంది, ఎగుడుదిగుళ్లు. ప్రపంచంలో డీర్యామ్ (ఈ రకం మెమరీ చిప్పులు) చేసే పెద్ద కంపెనీలు మూడు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ధరలు పడితే మూడూ ఒకేసారి బిగుసుకుంటాయి. 2022 డిసెంబరులో మైక్రాన్ పది శాతం సిబ్బందిని తగ్గిస్తానని ప్రకటించింది. తర్వాత ఏఐ సర్వర్ల పుణ్యమా అని గిరాకీ లేచింది. మీ కోర్సు బ్రోషర్ వేసింది ఈ లేచిన రోజుల్లో. పాప ఇంటర్వ్యూకి వెళ్లే నాటికి ఎలా ఉంటుందో బ్రోషర్ వేసినవాళ్లకీ తెలియదు. 2023లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వీఎల్ఎస్ఐ బీటెక్‌కి సిలబస్ ఇచ్చాక బోర్డు మీద పేరు మార్చుకున్న కాలేజీలు కూడా ఉన్నాయి. ల్యాబులోకి వెళ్లి చూస్తే పాత కంప్యూటర్లే ఉంటాయి కొన్నిచోట్ల.

సాఫ్ట్‌వేర్‌తో పోలిక అన్నారు కదా. ఖాళీలు అక్కడ ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే, మునుపటంత తేలిగ్గా ఫ్రెషర్లని తీసుకోవడం లేదు. చిప్పుల వైపు ద్వారం ఇరుకు, మొదటి ఉద్యోగం దొరకడమే కష్టం, దొరికాక నేర్చుకున్నది త్వరగా పాతబడదు. వెరిఫికేషన్‌లో రోజంతా కోడే రాస్తారు కాబట్టి అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్‌కి దారి మూసుకుపోదు. ఇంతకంటే పోలిక లాగితే నేను కూడా బ్రోషర్ రాసినట్టవుతుంది.

ఇంగ్లీషు గురించి భయపడకండి. ఈ ఇంటర్వ్యూల్లో కాగితం మీద క్లాకు గీసి 'ఇక్కడ ఏం జరుగుతుంది?' అని అడుగుతారు. చిన్న చిన్న వాక్యాల్లో సరిగ్గా చెప్పే పిల్లకి మంచి మార్కులే పడతాయి. ఏ రాష్ట్రానికి లోకల్ అని ప్రైవేటు కంపెనీలు చాలావరకు అడగవు.

ఏం చేయాలంటే, నెల రోజులు పాపని వదిలేయండి. డిజైన్ నడిపి చూసే ఐకారస్ వెరిలాగ్, వేవ్‌ఫామ్ చూపించే జీటీకేవేవ్ ఉచితం, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉచితం. కంపెనీల డేటాషీట్లలో కమాండ్ పట్టిక ఉంటుంది. యాక్టివేట్, రీడ్, రైట్, ప్రీఛార్జ్, రిఫ్రెష్, ఈ ఐదింటినీ గుర్తుపట్టే డీకోడర్ రాసి, దాన్ని తప్పుదోవ పట్టించే టెస్టులు కూడా తనే రాయనివ్వండి. ఆ టెస్టులు రాస్తున్నప్పుడు టైము తెలియకపోతే వెరిఫికేషన్ ఆమెకి సరిపోతుంది. ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లనివ్వండి, అందులో నామోషీ లేదు. చిప్పులే అనుకుంటే గేట్ రాసి ఎంటెక్ చేసే దారి ఉంది. దాని సంగతులు మీకంటే ఆమెకే బాగా తెలుసు. గేట్ మీద సీటొస్తే నెలకి 12,400 రూపాయలు స్టైపెండ్ వాళ్లే ఇస్తారు.

బెంగళూరు సంస్థ కాగితం ఒకసారి తీసి చదవండి. ఉద్యోగం ఇప్పిస్తామని ఉందా, ఇంటర్వ్యూలకి పంపుతామని ఉందా? ఏ కంపెనీ, ఎంత జీతం, రాకపోతే ఎంత వెనక్కిస్తారు? పోయిన బ్యాచ్ పిల్లలు ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి, మాట్లాడేది మాత్రం పాపే. మీరు మాట్లాడితే మళ్లీ జీతం దగ్గరే ఆగిపోతారు. అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని రసీదు వెనక అచ్చు వేసి ఉందని రాశారు. ఒకసారి అడిగి చూడండి, ఇవ్వకపోతే పోనివ్వండి. ఆ పదివేలు పోతాయని మిగతా లక్షా ముప్పై వేలు కట్టకండి.