చైనాలో ఎక్కడ ఏం తినాలి, ఏ టీ తాగాలి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేమిద్దరం రెండు వారాల పాటు చైనాలో తిరగాలనుకుంటున్నాం. కట్టడాలు చూడటం కన్నా ప్రాంతీయ వంటలు, తేయాకు సంప్రదాయాలు తెలుసుకోవాలన్నదే మా కోరిక. బీజింగ్, షాంఘై, షియాన్, చెంగ్డూ, గ్వాంగ్జౌ, కున్మింగ్ అని వరస వేసుకున్నాం. ఈ ప్రణాళిక సరైనదేనా?

జవాబు: హైస్పీడ్ రైళ్లు ఎంత వేగంగా నడిచినా, రెండు వారాల్లో ఆరు నగరాలు పెట్టుకుంటే ప్రతి ఊళ్లోనూ పర్యాటకుల వీధిలో దొరికే నాలుగు వంటకాలు రుచి చూసి బయలుదేరవలసి వస్తుంది. రెండు ప్రాంతాలు ఎంచుకుని, ఒక్కొక్క దానికి వారం కేటాయించండి. తిండినీ టీనీ కలిపి చూడాలనుకునే వారికి నేను మొదట సూచించేవి సిచువాన్, గ్వాంగ్డాంగ్ రాష్ట్రాలు. ఈ రెంటి రుచులకు పోలికే తక్కువ.

సిచువాన్ రాజధాని చెంగ్డూను యునెస్కో 2010లో వంటకళల నగరంగా గుర్తించింది. అక్కడి వంటకు పేరు తెచ్చినవి నాలుకను తిమ్మిరెక్కించే హువాజియావో గింజలు, వాటికి తోడైన మిరప కారం. మిరప చైనాకు చేరింది 16వ శతాబ్దం చివరి కాలంలో. హువాజియావో అంతకన్నా చాలా పాతది. అందులోని శాన్షూల్ అనే పదార్థం స్పర్శ నాడులను కదిలించడం వల్లనే పెదవులు జివ్వుమంటాయి. ఫావా చిక్కుడు గింజలను, మిరపకాయలను పులియబెట్టి చేసే పీషియన్ డోబాన్ ముద్ద మాపో టోఫూ వంటి వంటకాలకు ఆధారం. అయితే సిచువాన్ వంటంతా కారమేనని అనుకోకండి. తేయాకు పొగలో పట్టిన బాతు, తేటనీటిలా కనిపించే చారులో వడ్డించే లేత క్యాబేజీ కూడా ఆ ప్రాంతం గర్వంగా చెప్పుకునే వంటకాలే. వాటిని అడిగి తెప్పించుకుంటే తప్ప ఆ వంటవాళ్ల నేర్పు పూర్తిగా అర్థం కాదు.

చెంగ్డూలో ఒక మధ్యాహ్నాన్ని పూర్తిగా టీ శాలకు వదిలేయండి. పీపుల్స్ పార్కులోని హేమింగ్ టీ శాల వంటి చోట్ల చెట్ల కింద వెదురు కుర్చీలుంటాయి. మూత, గిన్నె, అడుగు పళ్లెం కలిసిన గైవాన్‌లో మల్లెల పరిమళం పట్టించిన టీ తెచ్చిపెడతారు. ఒకసారి డబ్బు చెల్లిస్తే చాలు, వేడినీళ్లు మళ్లీ మళ్లీ పోస్తూనే ఉంటారు, లేవమని ఎవరూ అనరు. మూతను కొద్దిగా వంచి పట్టుకుంటే ఆకు నోట్లోకి రాకుండా టీ తాగవచ్చు. చెవిలో గుబిలి తీసేవాళ్లు లోహపు పనిముట్లను మోగిస్తూ బల్లల మధ్య తిరుగుతుంటారు. ఆ సేవ వద్దనుకుంటే చెయ్యి ఊపితే సరిపోతుంది.

గ్వాంగ్జౌలో టీ ఉదయపు వ్యవహారం. కుటుంబాలు, పదవీ విరమణ చేసిన పెద్దలు పొద్దున్నే టీ రెస్టారెంట్లకు చేరి, రొయ్యలు కూరిన డంప్లింగ్‌లు, బియ్యప్పిండి చుట్టలు, కూరిన బన్నులు ఒక్కొక్కటిగా తెప్పించుకుంటూ గంటల తరబడి కూర్చుంటారు. ముందుగా ఏ టీ కావాలో అడుగుతారు. నూనె, మాంసం ఉన్న తిండితో పూఎర్ (పులియబెట్టి, ఏళ్ల తరబడి నిల్వ ఉంచే టీ) బాగా కుదురుతుంది. తొలి టీతో కప్పులనూ గిన్నెలనూ కడుగుతారు కాబట్టి దాన్ని తొందరపడి తాగేయవద్దు. ఎవరైనా మీ కప్పులో పోసినప్పుడు రెండు వేళ్లతో బల్లను మెల్లగా తట్టడం అక్కడి కృతజ్ఞత. టీ పాత్ర మూతను పక్కకు జరిపి ఉంచితే, నీళ్లు పోయమని పిలవవలసిన పని కూడా ఉండదు.

అదే రాష్ట్రంలో తూర్పున ఉన్న చావోజౌకు రెండు రోజులైనా ఇవ్వండి. 2023లో దీన్ని కూడా యునెస్కో వంటకళల నగరాల్లో చేర్చింది. ఇక్కడి గాంగ్‌ఫూ టీలో పాత్ర చిన్నది, ఆకు ఎక్కువ, నానబెట్టే సమయం కొన్ని సెకన్లే. మూడు బుల్లి కప్పుల మీదుగా పాత్రను గుండ్రంగా తిప్పుతూ పోయడం వల్ల అన్నింటిలో చిక్కదనం సమానంగా వస్తుంది. ఈ పోతను ప్రాచీన సేనాని గ్వాన్ గాంగ్ నగరాన్ని గస్తీ తిరగడమనీ, ఆఖరి చుక్కల్ని పంచడాన్ని మరో సేనాని హాన్ షిన్ సైన్యాన్ని లెక్కపెట్టడమనీ స్థానికులు అంటారు. సమీపంలోని ఫీనిక్స్ కొండల మీద పండే, గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకమైన దాన్‌కాంగ్ ఊలాంగ్‌లో ఒక్కో రకానికి ఒక్కో వాసన ఉంటుంది. దుకాణదారులు రుచి చూపించడానికి కూర్చోబెడతారు, ఆ మర్యాదను కాదనకండి.

ప్రశ్న: నేను శాకాహారిని. చైనాలో ఆకలితో ఉండవలసిందేనా?

జవాబు: అవసరం లేదు, కానీ వంటకం పేరు చూసి నమ్మకూడదు. మాపో టోఫూలో సాధారణంగా కీమా ఉంటుంది. పొడిగా వేయించిన చిక్కుడుకాయల్లోనూ పంది కీమా తరచుగా కలుపుతారు. ఆకుకూరలను పంది కొవ్వులో వేయించడం, మీద ఆలిచిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోయడం, నూడుల్స్‌కు ఎముకల చారు వాడటం మామూలే. ‘మాంసం తినను’ అంటే ముక్కలు తీసేసి అదే చారు పెట్టవచ్చు. అందుచేత మాంసం, చేప, రొయ్య, పంది కొవ్వు, మాంసపు చారు, ఆయిస్టర్ సాస్ ఏవీ వద్దని చైనీస్ లిపిలో రాయించుకుని ఫోనులో ఉంచుకోండి. హాట్‌పాట్‌లో (బల్ల మీద మరిగే చారులో ఉడికించుకుని తినే భోజనం) రెండు గదుల పాత్ర తీసుకున్నా, తెల్లగా కనిపించే చారు శాకాహారమని అనుకోవద్దు, అడిగి తెలుసుకోండి.

నమ్మకంగా తినగలిగిన చోట్లు బౌద్ధాలయాల భోజనశాలలు. చెంగ్డూలోని వెన్షూ ఆరామంలో అలాంటిది ఉంది. ఈ సంప్రదాయ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. టోఫూతో, గోధుమ గ్లుటెన్‌తో మాంసాన్ని అనుకరించే వంటకాలు చూసి కంగారుపడకండి. వీలైతే మీరు గ్వాంగ్డాంగ్ బదులు కున్మింగ్ రాజధానిగా ఉన్న యున్నాన్ రాష్ట్రాన్ని ఎంచుకోండి: వర్షాకాలంలో అడవి పుట్టగొడుగులు, రూబింగ్ అనే మేకపాల జున్ను, జియాన్‌షుయ్‌లో బొగ్గుల మీద కాల్చే టోఫూ మీకు పనికొస్తాయి. అయితే కోస్తే నీలిరంగుకు తిరిగే అక్కడి పుట్టగొడుగులు సరిగా ఉడకకపోతే లేనివి ఉన్నట్టు కనిపించే స్థితి కలుగుతుంది. అవి ఉడికేదాకా వడ్డించేవారు గడియారం పెట్టి ఆపుతారు, వారు చెప్పేదాకా గరిట ముట్టవద్దు.

ప్రశ్న: తేయాకు తోటలు ఎప్పుడు చూడాలి? కొనేటప్పుడు మోసపోకుండా ఉండడం ఎలా?

జవాబు: హాంగ్జౌ దగ్గరి లాంగ్జింగ్ గ్రామానికైతే మార్చి చివర, ఏప్రిల్‌లో వెళ్లండి. ఏప్రిల్ 4 లేదా 5న వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన లేత మొగ్గలకు విపరీతమైన ధర పలుకుతుంది. ఆ తర్వాత ఏప్రిల్ 20 ప్రాంతం దాకా కోసిన ఆకు కొంచెం ఘాటుగా, చాలా చౌకగా ఉంటుంది. నేనైతే దాన్నే కొంటాను. వేడి మూకుడులో ఆకును చేత్తో అదుముతూ వేయించడం ఆ రోజుల్లో ఇళ్ల ముంగిటే కనిపిస్తుంది. ఈ ఆకుకు మరుగుతున్న నీళ్లు కాక, 80 డిగ్రీల వేడి నీళ్లు చాలు. ఊళ్లోని జాతీయ తేయాకు మ్యూజియం కూడా చూడదగ్గదే.

ఫుజియాన్‌లోని వూయీ కొండల్లో రాతిగోడకు అతుక్కున్న దా హాంగ్ పావ్ అనే పేరుమోసిన ఊలాంగ్ టీ తల్లి చెట్ల నుంచి 2006 నుండి ఆకు కోయడం లేదు. వాటి ఆకే అమ్ముతున్నానని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేవడం మంచిది. యున్నాన్‌లో 357 గ్రాముల పూఎర్ బిళ్లల విషయంలోనూ కాగితం మీద రాసిన వయసును నమ్మి డబ్బు పెట్టకండి. 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన జింగ్‌మాయ్ కొండకు వెళితే, పెద్ద చెట్ల నీడన తేయాకు పెంచే బులాంగ్, దాయ్ ప్రజల పద్ధతిని కళ్లారా చూసి, ఆ ఏటి ఆకును తక్కువ మొత్తంలో కొనుక్కోవచ్చు. ధరలు సాధారణంగా ‘జిన్’కు చెబుతారు, అంటే 500 గ్రాములకు. రుచి చూశాకే, కావలసిన గ్రాములకు ఎన్ని యువాన్లో రాయించుకుని తూకం వేయించండి.

బీజింగ్, షాంఘై రద్దీ వీధుల్లో ఇంగ్లీషు అభ్యాసం చేస్తామంటూ పలకరించి, టీ వేడుకకు రమ్మని పిలిచే యువతీ యువకుల వెంట మాత్రం వెళ్లకండి; లోపలికి వెళ్లాక వచ్చే బిల్లు దిమ్మ తిరిగేలా ఉంటుంది. డబ్బు సంగతికొస్తే, ప్రయాణానికి ముందే ఫోను చెల్లింపుల యాప్ అయిన అలీపేలో మీ కార్డు జతచేసి గుర్తింపు ధ్రువీకరణ పూర్తి చేసుకోండి. టిప్పు ఇచ్చే ఆనవాయితీ లేదు. రాత్రి భోజనానికి ఆరు గంటలకల్లా చేరుకోండి, చిన్న ఊళ్లలో ఎనిమిదింటికే వంటగది మూసేస్తారు.