మార్లిన్ 336 ట్రిగ్గర్ 7 పౌండ్లు లాగాల్సి వస్తోంది, ఎలా తగ్గించాలి?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మార్లిన్ 336 (30-30 తూటాలు వేసే లీవర్ రకం వేట రైఫిల్), లాగే బలం కొలిచే గేజ్‌లో ట్రిగ్గర్ 7 పౌండ్లు, నవంబర్ జింకల సీజన్‌లోపు తగ్గాలి, హ్యామర్ గాడిని సానరాయితో రుద్దొచ్చా అని అడిగారు. రుద్దొద్దండీ. ఆ పని చివర్లో, అది కూడా గన్‌స్మిత్ చేతిలో. 336 బరువే దాదాపు 7 పౌండ్లు. అంటే తుపాకీని ఎత్తేంత బలం వేలితో పెడుతున్నారు, గొట్టం పక్కకి జరగక ఏం చేస్తుంది? కానీ ఆ 7లో అసలు సియర్ (హ్యామర్ గాడిలో ఆని దాన్ని ఆపి ఉంచే ముక్క) వాటా ఎంతో ముందు తేల్చుకోవాలి.

తుపాకీలో తూటా కూర్చునే గది (ఛాంబర్) ఖాళీ చేసి, వేలు పెట్టి చూసి, ట్యూబ్ మ్యాగజైన్‌లో తూటా ఇరుక్కుని లేదని నిర్ధారించుకున్నాక మళ్లీ కొలవండి. ఈసారి లీవర్‌ని టేపుతో గట్టిగా బిగించి కట్టండి. ఈ రైఫిల్లో లీవర్ పూర్తిగా మూసుకుంటేనే సేఫ్టీ బ్లాక్ ట్రిగ్గర్‌కి దారి వదులుతుంది. లీవర్ వెంట్రుకవాసి తెరుచుకుని ఉన్నా ట్రిగ్గర్ ఆ బ్లాక్‌ని రాసుకుంటూ కదులుతుంది, గేజ్ అబద్ధం చెబుతుంది. ఐదుసార్లు లాగి సగటు తీయండి. ట్రిగ్గర్ ముందుకీ వెనక్కీ లొడలొడా ఊగుతోందని కంగారుపడకండి. ట్రిగ్గర్, సియర్ వేరువేరు ముక్కలు కావడం వల్ల పాత మార్లిన్లలో చాలావాటికి ఉండేదే అది.

ఇప్పుడు టార్చి వేసి హ్యామర్‌ని చూస్తూ ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. పడేముందు హ్యామర్ రవ్వంత వెనక్కి జరిగితే గాడి కోణం భద్రంగా ఉన్నట్టు. మీ వేలు హ్యామర్ స్ప్రింగ్‌ని కూడా నెడుతోంది కాబట్టి బరువు. జరగకుండా పడితే కోణం సున్నాకి దగ్గర, జాగ్రత్త. ముందుకి పాకుతుంటే ఎవరో ఇదివరకే రుద్దేశారు. ఇక ఆపి, గన్‌స్మిత్‌కి ఇవ్వండి.

వెనక్కి జరిగే రకమైతే పని తేలిక. మొదట శుభ్రం చేయడం. లీవర్ సగం తెరిచి దాని స్క్రూ తీస్తే లీవర్, బోల్ట్, ఎజెక్టర్ బయటికొస్తాయి. హ్యామర్ వెనక, బట్ చెక్క మొదట్లో పైనున్న స్క్రూ తీసి ఆ చెక్క లాగేయండి. హ్యామర్ కిందికి దింపి, స్ప్రింగ్ అడుగున ఉన్న ప్లేటుని ముందుకి నొక్కి పక్కకి జరపండి. అది చటుక్కున ఎగురుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. అంచులు సమానంగా ఉన్న స్క్రూడ్రైవర్ మొనలే వాడండి, లేకపోతే స్క్రూ తలలు చెడతాయి. ఏళ్లనాటి నూనె గోధుమరంగు జిగురులా మారి సియర్ దగ్గర పేరుకుని ఉంటుంది. మినరల్ స్పిరిట్స్‌తో కడిగి, ఆరాక గాడి మీద ఆవగింజంత మోలిబ్డినం గ్రీజు చాలు. మరీ మురికి పట్టిన తుపాకీలో దీనికే తేడా తెలుస్తుంది.

తర్వాత హ్యామర్ స్ప్రింగ్. వూల్ఫ్ కంపెనీది తక్కువ బలం స్ప్రింగ్ దొరుకుతుంది, లీవర్ తెరిచేటప్పుడు కూడా చేతికి హాయి. ఫ్యాక్టరీ స్ప్రింగ్‌ని మాత్రం కత్తిరించొద్దు, దాచుకోండి. బలం మరీ తగ్గితే ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) మీద దెబ్బ బలహీనంగా పడి తూటా పేలదు, ముఖ్యంగా చలికి నూనె గట్టిపడినప్పుడు. పేలిన ఖాళీ కేసుల ప్రైమర్ మీది గుంట లోతుని స్ప్రింగ్ మార్చకముందువాటితో పోల్చుకోండి.

ఇంకా తగ్గాలంటే, ఆ లొడలొడ కూడా పోవాలంటే వైల్డ్ వెస్ట్ గన్స్ కంపెనీ వాళ్ల ట్రిగ్గర్ హ్యాపీ కిట్ (మార్చి వేసుకునే ట్రిగ్గర్ భాగాలు) చూడండి. మీ మోడల్‌కి, తయారైన సంవత్సరానికి సరిపోతుందో లేదో కొనేముందే కనుక్కోండి. కొన్ని రైఫిళ్లలో బ్లాక్‌కి తగిలే చోట కాస్త సర్దాల్సి రావచ్చు. నా లెక్కలో వేటకి 3.5 నుంచి 4.5 పౌండ్లు చాలు. హ్యామర్ బయటికుండే తుపాకీకి, గ్లౌజు తొడిగిన వేలికి అంతకన్నా తేలిక ట్రిగ్గర్ ప్రమాదం.

సానరాయి ఎందుకు వద్దంటే, గాడి పైపొర మాత్రమే గట్టిదైతే అది అరిగాక లోపలి మెత్తని ఉక్కు త్వరగా గుండ్రమవుతుంది. బరువు మొదట దిగి, తర్వాత ఒకరోజు హ్యామర్ దానంతటదే పడుతుంది. గాడి లోతు తగ్గినా, కోణం ఒక్క డిగ్రీ తిరగబడినా ఇదే గతి.

ఏం మార్చినా ఖాళీ తుపాకీతో పరీక్షలు తప్పవు. హ్యామర్ ఎక్కించి బొటనవేలితో వెనకనుంచి ముందుకి బలంగా తోయండి. రబ్బరు సుత్తితో నాలుగువైపులా తట్టండి. బట్‌ని రబ్బరు మ్యాట్ మీద కొట్టండి. లీవర్‌ని పదిసార్లు దబ్బున మూయండి. దేనికీ పడకూడదు. హ్యామర్‌ని సగం ఎక్కించి ట్రిగ్గర్ గట్టిగా లాగినా విడవకూడదు, లీవర్ కొద్దిగా తెరిచి లాగినా అంతే. ఒక్కటి తప్పినా పాత భాగాలు తిరిగి బిగించేయండి.

ఒక సంగతి: మీరు అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉంటే, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఆధారం సాధారణంగా మీ వేట లైసెన్సే. దాని గడువు దాటనివ్వకండి.

రేంజిలో మొదట ఒక్క తూటా, తర్వాత రెండు. రెండో తూటాకి లీవర్ మూసినప్పుడు హ్యామర్ నిలబడితేనే మ్యాగజైన్ నింపండి.