చిల్గోజా గింజలో దారం

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. పండుగకు తెచ్చిన చిల్గోజా గింజలు ఒలుస్తుంటే ఒకటి నిలువునా చీలింది. లోపల తెల్లని సన్నని పుల్ల, దాని కొసన చుట్టుకుపోయిన దారం కనిపించాయి. ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి పుల్ల పిండమని చెప్పింది, దారం ఏమిటో చెప్పలేకపోయింది. అసలు పిండంలో ఏ కణం విభజన చెందాలో, ఏది ఆగాలో నిర్ణయించేది ఏది?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. చిల్గోజా అంటే కిన్నౌర్ వంటి హిమాలయ లోయల్లో పెరిగే ఒక పైన్ చెట్టు గింజ. మనం తినే కండలో ఎక్కువ భాగం ఫలదీకరణకు ముందే తల్లి వైపు నుంచి ఏర్పడినది. పుల్ల మాత్రమే బిడ్డ. ఆ దారం, బిడ్డను కండలోకి నెట్టి తన పని ముగించుకున్న తోక. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పాను. ఆ తోకను చూపించిన రోజు తరగతి ఎప్పుడూ నిశ్శబ్దమైపోయేది.

కణం విభజన చెందడానికి సైక్లిన్లు అనే ప్రోటీన్లు, వాటితో జతకట్టే కైనేజ్ ఎంజైములు కావాలి. ఇవి ఈస్టు నుంచి మనిషి దాకా ఉన్నవే. వీటిని కనుగొన్న ముగ్గురికి 2001లో నోబెల్ వచ్చింది. పిండానికి అది చాలదు. ఎటువైపు చీలాలో కూడా తెలియాలి. స్వీడన్‌లోని ఉప్సలాలో, పైన్‌కు బంధువైన నార్వే స్ప్రూస్ చెట్టు పిండాలను పరీక్షపాత్రల్లో పెంచి చూశారు. ఆక్సిన్, సైటోకైనిన్ అనే మొక్కల హార్మోన్లు అందుతున్నంత కాలం కణాల ముద్దలు పెరుగుతూ పోతాయి. ఆ హార్మోన్లు తీసేస్తేనే పిండాలు రూపుకడతాయి. ఆ దశలో వాక్స్ 8/9 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును అణచివేస్తే విభజన తలాలు దారితప్పాయి, పిండం ఆకారం చెడిపోయింది. జన్యువులను నడిపించే ప్రోటీన్ అది.

ఇక తోక సంగతి. పుల్లగా మారబోయే తల భాగంలో కణాలు చిన్నవి, చిక్కనివి. దాని అడుగు అంచున ఒక కణం రెండుగా చీలుతుంది. ఒకటి తలలోనే ఉండి మళ్లీ విభజన చెందుతుంది. రెండోది తోకలో చేరి, ఇక చీలకుండా పొడవు సాగుతుంది. దానిలోని రిక్తిక, అంటే ద్రవంతో నిండిన సంచి, ఉబ్బి లోపలి పదార్థాన్ని మింగేస్తుంది, చివరికి గోడ మాత్రమే మిగులుతుంది. తల దగ్గర బతికున్న కణం, కింది కొసన ఖాళీ గొట్టం, మధ్యలో చావులోని మెట్లన్నీ వరుసగా ఉంటాయి. ఈ చావు జబ్బు వల్ల వచ్చినది కాదు. మెటాకాస్పేజ్ అనే ప్రోటీన్ కత్తెర ఇతర ప్రోటీన్లను ఎంచి కత్తిరిస్తూ నడిపించే పని ఇది. 2004లో ఆ కత్తెరను తయారు కాకుండా చేసి చూస్తే, తోక చావలేదు సరికదా, పిండమే ఏర్పడలేదు. నాకు ఈ ఫలితం అన్నిటికన్నా గొప్పది. బిడ్డ పెరగడానికి ఎన్ని కణాలు పుట్టాలో లెక్కించడం అలవాటైన మనకు, సకాలంలో పోవలసిన కణాలు కూడా అంతే అవసరమని ఒక స్ప్రూస్ పిండం చూపించింది. ఆ కత్తెర నరికే ప్రోటీన్లలో ఒకటైన టూడర్ ఎస్‌ఎన్, మనిషి కణాలు ఇలాగే పోయేటప్పుడు కూడా నరుక్కుపోతుందని 2009లో తేలింది. స్ప్రూస్‌కూ మనకూ ఉన్న దూరం తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మీ అమ్మాయికి ఒక పని చెప్పండి. వేయించని గింజలు దొరికితే రాత్రంతా నానబెట్టి, పెంకు తీసి, కండను బ్లేడుతో పైపైన నిలువుగా గీసి వేళ్లతో విప్పమనండి. లోతుగా కోస్తే దారం తెగుతుంది. పిండాన్ని నల్ల కాగితం మీద నీటిచుక్కలో ఉంచి భూతద్దంతో చూడాలి. దారం ఉన్న కొస మొక్కకు వేరయ్యే భాగం. రెండో కొసన బీజదళాలు కుచ్చులా ఉంటాయి. చిక్కుడుగింజలోలా రెండే ఉండవు, సూదితో విడదీసి లెక్కపెట్టి ఎన్నో నాకు రాయమనండి.