అప్ప ఉండగానే వెళ్లి రండి, మాస్టారూ

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఉద్దానంలో ఉంటున్నాను. నేను పుట్టింది మలేషియాలో, పేరాక్ రాష్ట్రం బాగన్ దాతో దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటులో. 1970లో మా నాన్న ఉద్యోగం పోవడంతో ఓడెక్కి వచ్చేశాం. అప్పటికే పెళ్లయిన మా అప్ప (అక్క) అక్కడే ఉండిపోయింది. ఆమెకిప్పుడు 76. ఎస్టేటు కూలీలకు వరుసగా కట్టిన లైను ఇళ్లలో మాది ఒక్కసారి చూడాలని ఉంది. మావాడు ఏడుగురం కలిసి సింగపూర్ కూడా చూసొచ్చే ప్యాకేజీ మాట్లాడాడు, 5.6 లక్షలు. నాలుగు లక్షలు లోను తీస్తాడు, వాయిదాలు నేను కట్టాలి. పెన్షన్ 41 వేలు, ఇంటికి సరిపోతుంది. 2023 జూలైలో సీనియర్ సిటిజన్ పథకంలో 15 లక్షలు వేశాను. బ్యాంకులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, సేవింగ్స్‌లో 1.9 లక్షలు ఉన్నాయి. ఈ వయసులో ఇంత ఖర్చు అవసరమా?

జవాబు: మాస్టారూ, నమస్కారం. అవసరమే. తప్పకుండా వెళ్లండి. కానీ మీ అబ్బాయి చెప్పిన పద్ధతిలో వద్దు. మీరూ మీ ఇంటావిడా, ఇద్దరే వెళ్లండి. ఆ లోను మాత్రం తీసుకోవద్దు.

ముందు లోను సంగతి. నాలుగు లక్షలు, మూడేళ్లు, 13 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 13,480 దాకా వాయిదా పడుతుంది. అంటే మీ పెన్షన్‌లో మూడో వంతు. మొత్తం మీద వడ్డీకే 85 వేలు పోతుంది. పోనీ ఆ డబ్బుతో మీ కోరిక తీరుతుందా అంటే, తీరదు. ప్యాకేజీ బస్సు జెంటింగ్ కొండకు, సింగపూర్‌కు తీసుకెళ్తుంది. మీరు వెళ్లాల్సింది అప్ప ఇంటి అరుగు మీదికి. పిల్లలు వాళ్ల డబ్బుతో వాళ్లకు వీలైనప్పుడు సింగపూర్ చూస్తారు.

ఇప్పుడు మీ లెక్క. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు 2024 ఏప్రిల్‌లో నేరుగా విమానం మొదలైంది, నాలుగు గంటల ప్రయాణం. మీరు బయలుదేరే నాటికి అది ఏయే రోజుల్లో నడుస్తోందో చూసుకోండి. ఇద్దరికీ రానుపోను టికెట్లకు, లగేజీతో కలిపి 50 వేలు. కౌలాలంపూర్ హోటల్లో రెండు రాత్రులకు 10 వేలు. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల చొప్పున పర్యాటక పన్ను విడిగా తీసుకుంటారు. రింగిట్ అంటే మన 20 రూపాయల పైమాటే. అక్కడి నుంచి బాగన్ దాతోకు, తిరుగుళ్లకు కారు 20 వేలు. బీమా 8 వేలు, పైఖర్చులు 35 వేలు, అప్పకు, పిల్లలకు చీరలూ సామాన్లూ 20 వేలు, చేతిలో అదనంగా 30 వేలు. పాస్‌పోర్టు రుసుములతో కలిపి 1.75 లక్షలు ఉంచుకోండి. ఇవి నా అంచనాలు, టికెట్ ధర వారానికోలా ఉంటుంది.

సీనియర్ సిటిజన్ డిపాజిట్ జోలికి వెళ్లొద్దు. రెండేళ్లు దాటాక మూసినా అసలులో ఒక శాతం కోస్తారు, అంటే మీకు 15 వేలు నష్టం. దాని వడ్డీ 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 30,750 వస్తోంది కదా, రాబోయే రెండు విడతలు, 61,500, ఈ ప్రయాణానికని పక్కన పెట్టండి. సేవింగ్స్ నుంచి 90 వేలు తీయండి, లక్ష అక్కడే ఉండనివ్వండి. తక్కువ పడే పాతిక వేలకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అప్పు తీసుకుంటే, డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుందంతే. ఆ తర్వాత వచ్చే విడతతో తీర్చేయొచ్చు. అసలు కదలదు.

ఇంకో మాట. ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది రిటర్ను వేస్తే తిరిగి వచ్చేదే, కానీ అంతదాకా మీ డబ్బు ఆగిపోతుంది. మీరే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసుకుంటే ఏడాదికి పది లక్షల దాకా ఆ బెడద లేదు. క్రెడిట్ కార్డు అక్కడ గీస్తే మూడు శాతం పైన రుసుము పడుతుంది. అది అత్యవసరానికే.

పాస్‌పోర్టు ముందు, టికెట్ తర్వాత. మీరు పుట్టింది బయటి దేశంలో కాబట్టి విచారణకు సమయం పట్టొచ్చు. నాన్నగారి పాత పాస్‌పోర్టు, ఓడ కాగితాలు ఉంటే దరఖాస్తుకు తీసుకెళ్లండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి మన వాళ్లకు 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది, దాన్ని 2026 చివరి దాకా పొడిగించారు. దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ రాక కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. బీమాలో మీ షుగరో బీపీయో దాచకండి, దాచితే ఆసుపత్రి బిల్లు మీ నెత్తినే పడుతుంది.

మీ ఉత్తరం చదువుతూ నేను ఒక చోట ఆగిపోయాను, నాన్నగారి ఉద్యోగం దగ్గర. 1969లో అక్కడ జరిగిన జాతుల గొడవల తర్వాత పౌరసత్వం లేనివాళ్లకు పని పర్మిట్లు తప్పనిసరి చేయడంతో వేలాది తోట కూలీలు తిరుగు ఓడ ఎక్కారు. మీది అలాంటి కుటుంబమే అయ్యుంటుంది. మలేషియా ఈపీఎఫ్, మన పీఎఫ్ లాంటిదే, 1951లోనే మొదలైంది, తోట కూలీల జీతంలోనూ కోత ఉండేది. నాన్నగారు ఆ డబ్బు తీసుకునే వచ్చారా? తీసుకోకపోతే, సభ్యుడికి నూరేళ్లు నిండాక అది అక్కడి అకౌంటెంట్ జనరల్ శాఖలో, ఎవరూ అడగని డబ్బు చూసే అన్‌క్లెయిమ్డ్ మనీస్ రిజిస్ట్రార్‌కు వెళ్తుంది. నాన్నగారి పేరు ఆ రోజుల్లో ఎలా రాశారో, ఈపీఎఫ్ నంబరు ఉందేమో పెట్టె అడుగున వెతకండి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం పట్టుకెళ్లండి. దళారికి ఒక్క రింగిట్ ఇవ్వొద్దు. వస్తుందన్న ఆశతో ఖర్చు పెట్టొద్దు, వస్తే అప్పకూ వాటా ఉంటుంది.

ఇల్లు ఉందో లేదో నేను చెప్పలేను. ఉద్దానం మనిషికి కొబ్బరి తోట పోవడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరులో తిత్లీ ఒక్క రాత్రిలో చూపించింది. అక్కడ తుఫాను లేకుండానే చాలా ఎస్టేట్లలో కొబ్బరి కొట్టి ఆయిల్‌పామ్ వేశారు, లైను ఇళ్లు చాలాచోట్ల కూల్చేశారు. ఊరి పేరు కూడా ఇప్పుడు బాగన్ దాతుక్, పక్కనున్న తెలుక్ ఆన్సన్ తెలుక్ ఇంతాన్ అయింది. మీ లైను ఎక్కడుండేదో, బావి ఏ వైపో చూపించగలిగేది అప్ప ఒక్కతే. అందుకే డిపాజిట్ గడువు తీరేదాకా ఆగుదామనుకోవద్దు. ఈ వారమే ఇద్దరి పాస్‌పోర్టులకూ దరఖాస్తు పెట్టండి, రాత్రికి అప్పకు ఫోన్ చేసి ఏ నెలలో రమ్మంటుందో అడగండి.